మధ్యాహ్నం వచ్చిన ఇరవై తొమ్మిది

"నీ దగ్గర చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు ఉంటాయి కదా?"

తలుపు తీయగానే ఇవానా అడిగిన మాట ఇది. ఏడాదిగా ఎదురింట్లో ఉంటూ నాతో వర్షం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడని పిల్ల, ఆ వర్షంలోనే తడిసి, చేతిలో సూపు గిన్నెతో నా గుమ్మంలో నిలబడింది. గిన్నె మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఉంటాయి. కళ్లద్దాల షాపులో కదా నా పని. ఎందుకు?"

తువ్వాలు ఎత్తింది. గిన్నెలో ఒక చేతి గడియారం, ముక్కలు ముక్కలుగా.

"నాన్నది," అంది.

"కింద పడిందా?"

"లేదు. నేనే విప్పాను. తేదీ కిటికీలో ఇరవై ఏడు సగం, ఇరవై ఎనిమిది సగం కనబడుతోంది. ఎందుకలా ఉందో చూద్దామని."

"చూశావా?"

"చూశాను. అర్థం కాలేదు. నాన్న మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు తప్ప దాన్ని చేతినుంచి తీయడు. నాలుగింటికి లేస్తాడు. నీకు గడియారాలు బాగుచేయడం వచ్చా, ఫెర్మీన్?"

"రాదు."

"నాకూ రాదు. పద."

ఎందుకు వెళ్లానంటారా? ఆమె నదిలో దూకమన్నా దూకేవాణ్ణి. పైగా ఎల్లుండి పొద్దుటి బస్సుకి రాజధాని మోంతెవిదేయోకి వెళ్లిపోతున్నాను, కొత్త ఉద్యోగానికి. ఇన్నాళ్లుగా ఆమెతో చెప్పాలనుకున్న ఒక్క ముక్కా ఇంకా చెప్పనేలేదు.

వాళ్ల వంటింట్లో కూర్చున్నాం. పక్కగదిలోంచి వాళ్ల నాన్న దొన్ వాషింగ్టన్ గురక వినిపిస్తోంది. దొన్ అన్నది మర్యాదకి; వాషింగ్టన్ అన్న పేరు విని కంగారు పడకండి, మా ఊరు సాల్తోలో వీధికొక వాషింగ్టన్ ఉంటాడు.

"అంకెల చక్రం వంకరగా ఉందేమో," గుసగుసగా అన్నాను.

"అది బాగానే ఉంది. తిప్పితే ప్రతి అంకె దగ్గరా టిక్కుమని సరిగ్గా ఆగుతోంది. చూడు."

ఇద్దరం ఒకేసారి వంగేసరికి తలలు ఢీకొన్నాయి. ఆమె నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం ఆ దెబ్బ ఇంకోసారి తగిలినా బాగుండుననిపించింది.

డయల్‌ని వేలితో తాకితే కాస్త జరిగింది. తిప్పి చూస్తే వెనక దాన్ని కదలకుండా పట్టే చిన్న కాలు ఒకటి విరిగిపోయి ఉంది.

"అయితే తప్పు అంకెది కాదు," అంది ఇవానా కళ్లు పెద్దవి చేసి. "కిటికీయే జరిగిపోయింది."

రెండు వైపులా అంటుకునే టేపుని గోరంత కత్తిరించి డయల్ కింద పెట్టాం. కిటికీని అంకెకి ఎదురుగా జరిపి నొక్కాం. తర్వాత కీ తిప్పుతూ పోయి, ఇరవై ఎనిమిది ఎగిరి కూర్చోగానే ముళ్లు రెండూ పన్నెండు మీద బిగించాం. అక్కణ్ణుంచి ముందుకు తిప్పి మూడున్నరకి పెట్టి, మూత వేసేశాం. ఇరవై ఎనిమిది నిండుగా, ముద్దుగా కనబడింది.

"రేపు మా ఇంటికి నోకీలకు రా," అంది ఇవానా.

ప్రతి నెలా ఇరవై తొమ్మిదిన ఇంటింటా ఆ బంగాళదుంప ఉండలు ఉడుకుతాయి, డబ్బు కలిసిరావాలని పళ్లెం కింద ఒక నోటు పెట్టుకుని తింటాం. కానీ దొన్ వాషింగ్టన్ ఇంట్లో ఆ రోజు బయటివాళ్లకి చోటు లేదు.

"మీ నాన్న?"

"నేను ఒప్పిస్తాలే."

సరే, రేపు భోజనమయ్యాక చెప్పేయాలి, రేపు చెప్పకపోతే ఇక బస్సే, అనుకున్నాను.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సీసా పట్టుకుని, పన్నెండు కాబోతుండగా తలుపు తట్టాను. దొన్ వాషింగ్టనే తీశాడు. లోపలినుంచి మాంసం పులుసు వాసన వచ్చింది.

"ఏంటబ్బాయ్?"

"నోకీలకు రమ్మన్నారు కదండీ."

"రమ్మన్నది ఇరవై తొమ్మిదికి. ఇవాళ ఇరవై ఎనిమిది. రేపు రా."

ఆయన భుజం వెనక ఇవానా, ముఖంలో నెత్తురు చుక్క లేదు. మాట్లాడొద్దని సైగ చేసింది.

"వీధంతా నోకీల వాసనేనండీ," అన్నాను. రేపు ఈపాటికి నేను బస్సులో ఉంటాను మరి.

"వీధికి తేదీ తెలియకపోతే నేనేం చేయను? నిన్నటిదాకా ఇది సగం సగం కనబడి నన్నూ తికమక పెట్టింది. ఇప్పుడు దానంతటదే బాగుపడింది. ఎంత స్పష్టంగా ఉందో నువ్వే చూడు."

మణికట్టు నా ముక్కు కిందికి చాపాడు. అప్పుడే చర్చి గంటలు మొదలయ్యాయి. మా ఇద్దరి కళ్లముందే ఇరవై ఎనిమిది పక్కకి జారి, ఇరవై తొమ్మిది వచ్చి కూర్చుంది.

దొన్ వాషింగ్టన్ కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. "పట్టపగలు తేదీ మారడమేంటి?"

నాకు చటుక్కున వెలిగింది. వెలిగింది కాబట్టి నోరు ఆగలేదు.

"దానికి ఇప్పుడు అర్ధరాత్రి అండీ. నిన్న మేం మూడున్నరకి పెడితే, అది తెల్లవారుజాము అనుకుంది. ముళ్లు ఇంకో పన్నెండు గంటలు ముందుకు తిప్పితే చాలు."

"మేం?" అన్నాడాయన.

ఇవానా ముందుకొచ్చింది. "నేనే విప్పాను నాన్నా. లోపల ఎలా ఉంటుందో చూడాలనిపించింది."

ఆయన గడియారం తీసి, కీ లాగి, ముళ్లని గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు. మళ్లీ పన్నెండు దాటినా ఇరవై తొమ్మిది కదల్లేదు.

"కదల్లేదే," అన్నాడు ముచ్చటపడుతూ. తర్వాత గొంతు తగ్గించి, "ఎలా ఉందమ్మా లోపల? నాకూ ఎప్పటినుంచో చూడాలని ఉంది, ధైర్యం చాల్లేదు," అన్నాడు.

"చూపిస్తాను నాన్నా."

అప్పుడు ఆయనకి నేను గుర్తొచ్చాను. "ఏమోయ్, నేను నిద్రపోతుంటే మా వంటింట్లోకి వచ్చింది ఈ గడియారం కోసమేనా?"

అవునంటే సరిపోయేది. కానీ బస్సు గుర్తొచ్చింది.

"గడియారాల గురించి నాకేమీ తెలియదండీ. ఇవానా కోసం వచ్చాను. తనంటే నాకు ప్రాణం."

దొన్ వాషింగ్టన్ కూతురి వైపు తిరిగాడు.

"ఈ మాట ముందు నాకు కదా చెప్పాలి?" అంది ఇవానా. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇరవై తొమ్మిదిన చెబుదామనుకున్నాను. మీ నాన్న ఇంకా ఇరవై ఎనిమిదే అన్నారు."

దొన్ వాషింగ్టన్ గడియారం చేతికి పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఇరవై తొమ్మిదేగా, చెప్పు," అని, పొయ్యి మీది పులుసు దించి బంగాళదుంపలు కడగడానికి లోపలికి వెళ్లాడు.

చెప్పాను. రేపటి బస్సు సంగతీ చెప్పాను. ఆమె నా చేతిలో సీసా అందుకుని, ఆ చేతిని మాత్రం వదల్లేదు.

"ఏమ్మా, ఈ అబ్బాయి ఎన్ని తింటాడు?" వంటింట్లోంచి అడిగాడాయన.

"కొంచెం ఎక్కువే చెయ్యి నాన్నా," అంది ఇవానా నా వైపే చూస్తూ. "ఇక నెలనెలా వస్తాడు."