చెరువు గట్టున తెల్ల మండపం

కువైట్‌లోని వఫ్రాలో ఓ అరబ్బు పెద్దమనిషి తోటలో చెరువుంది. పొద్దుగూకాక ఆ గట్టెక్కిన పనివాడు లేడు. ఇంగ్లండులో ఎవరో ప్రభువుల బంగళా చూసి మనసుపడి, ఎడారి తవ్వించి నీళ్ళు నింపించాడాయన. వంపుల గట్లూ, పచ్చికా, నీటి అంచున స్తంభాల తెల్ల మండపమూ... అన్నీ అచ్చం అక్కడివే. రాత్రిళ్ళు ఆ మండపంలో ఆడమనిషి ఏడుస్తుందని చెప్పుకునేవారు.

పిఠాపురం నుంచి వచ్చిన తోటమాలి కుక్కుటేశ్వరరావు నవ్వేసేవాడు. ఆ రాత్రి దాకా.

చేపలకు గాలి కొట్టే మోటారు ఆగిపోయింది. తెల్లారేసరికి చేపలు చచ్చి తేలితే తన కఫీల్, ఆ తోట యజమాని, ఊరుకోడు. టార్చి పట్టుకుని ఒక్కడే బయల్దేరాడు.

మండపం దగ్గరికొచ్చేసరికి — వెక్కిళ్ళు.

"ఆంజనేయా... ఆంజనేయా..." అంటూ టార్చి ఎత్తాడు. స్తంభం వెనక విరబోసిన జుట్టు. సగం నల్లబడ్డ మొహం...

"అన్నయ్యా... లైటు ఆర్పు."

దెయ్యం కాదు. పక్క తోట ఇంట్లో పనిచేసే అరుణజ్యోతి. రాజోలు పిల్ల. మొహం మీదిది కాలిన గాయం.

"పారిపోయొచ్చి రెండ్రోజులైంది. మా మామా ఇస్త్రీపెట్టెతో..." మామా అంటే ఆ ఇంటి యజమానురాలు.

అంతలో గట్టు మీద ఇంకో లైటు. ఆ ఇంటి డ్రైవరు హుస్సేన్ వలి, కడప మనిషి.

"అనా, ఈడ ఆడపిల్ల ఎవురన్నా కనపడిందా? దొరక్కుంటే నా పని ఖలాస్."

దాస్తే తనని ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు పోతుంది, జైలు కూడా. చెబితే... ఆ పిల్ల మళ్ళీ ఆ ఇంటికే.

కుక్కుటేశ్వరరావు చెయ్యి మెల్లగా మండపం వైపు లేచింది.

"అక్కడ... ఏడుపు... మనిషిది కాదు వలీ."

ఆ గొంతులో వణుకు నటన కాదు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి సన్నగా ఓ మూలుగు —

"యా అల్లా!" వలి వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాడు.

తెల్లారగట్ల, కుక్కుటేశ్వరరావు బతిమాలితే, కూరగాయల వ్యాను నడిపే హారూన్ ఆ పిల్లని బస్తాల మధ్య కూర్చోబెట్టి ఇండియన్ ఎంబసీ దగ్గర దించాడు.

ఆ తర్వాత, దెయ్యాన్ని కళ్ళారా చూశానని కుక్కుటేశ్వరరావే ఊరంతా చెప్పాడు. చీకటి పడగానే మండపంలో నాలుగు రొట్టెలూ, ఓ నీళ్ళ సీసా పెట్టొచ్చేవాడు. పొద్దున వెళ్తే ఎక్కడివక్కడే ఉండేవి.

పదకొండో రోజు — రొట్టెలు లేవు. సీసా ఖాళీ.

"ఎవరమ్మా?" అన్నాడు గుసగుసగా.

స్తంభం వెనక నుంచి ఓ ఆడపిల్ల గొంతు —

"ఇద్దరమున్నాం, బాబాయ్."