ఆసుపత్రి లైను తీసిందెవరు?

"బాలసుబ్బయ్య నోరు తెరిచేలోపు వీడియో లింక్ కట్ చెయ్. ఒప్పుకున్నాడంటే కేసు క్లోజ్."

ఢిల్లీ నుంచి చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. కేసు తలుచుకుని ఏజెంట్ సూర్యకిరణ్‌కి ఒళ్లు మండింది. మండదా మరి?

రెండేళ్ల కిందట ఓ రాష్ట్రంలో కరెంటు వ్యాపారాన్ని ప్రైవేటుకి వదిలేశారు. పోటీ వస్తుంది, రేట్లు దిగుతాయన్నారు. ఓ విదేశీ ముఠా ప్లాంట్లు కొనేసి, రేటు పెరగాలని నడివేసవిలో వాటిని ఆపేసి కూర్చుంది. కోతల్లో ఆసుపత్రి లైను కూడా పోయింది. ఐసీయూలో ముగ్గురు చచ్చిపోయారు. బాధ్యులెవరయ్యా అంటే మంత్రి కరెంటు బోర్డుని చూపించాడు, బోర్డు కంపెనీని చూపించింది, కంపెనీ ఎండల్ని చూపించింది. చివరికి అందరికీ తేరగా దొరికినవాడు సబ్‌స్టేషన్ ఆపరేటర్ బాలసుబ్బయ్య. ఉద్యోగం ఊడి కువైట్‌లో డ్రైవరుగా బతుకుతున్న ఆ కడప మనిషి పాస్‌పోర్టు లాక్కుని, విచారణ కమిషన్ ముందు లైవ్‌లో నేరం ఒప్పుకోమంటోంది ముఠా.

కువైట్ సిటీ మిర్కాబ్ పేటలోని ముఠా ఆఫీసులోకి సూర్యకిరణ్ ఏసీ మెకానిక్ వేషంలో దర్జాగా వెళ్లాడు. ఈ ఎండల్లో ఏసీ మెకానిక్‌ని ఆపే మొనగాడు కువైట్‌లో లేడు. గ్యాస్ సిలిండర్‌లో దాచిన జామర్ బటన్ నొక్కాడు. పలకలేదు. మళ్లీ నొక్కాడు. లోయెస్ట్ టెండర్ సరుకు, ఎండకి చచ్చింది. వీళ్ల కొనుగోళ్లు తగలెయ్య!

లైవ్ మొదలైంది. కెమెరా ముందు బాలసుబ్బయ్య బిగుసుకుపోయాడు. అద్దాల గదిలోంచి చూస్తున్న ముఠా డైరెక్టర్ వెంకటసత్యనారాయణ పళ్లు నూరాడు. ఫోన్‌లో ఆర్డరేస్తే వింటాడని చెప్పి, ఆయన చేతికి రిసీవర్ అందించింది సత్యదుర్గ. పచ్చ సిల్కు సూటు, ముఠాలో పీఆర్ మేనేజర్. లోపాయికారీగా ఢిల్లీ మనిషి. ఫిరాయించిందే అనుకున్నాడు సూర్యకిరణ్.

బాలసుబ్బయ్య ముందున్న ఫోన్ మోగింది. ఎత్తాడు. విన్నాడు. నిటారుగా కూర్చుని సబ్‌స్టేషన్ గొంతుతో అన్నాడు:

"ఆర్డర్ రిపీట్ చేస్తాండా సార్. ఎవురూ చెప్పలేదు, నా అంతట నేనే ఆసుపత్రి లైను తీసినానని చెప్పల్ల. ఆర్డరిచ్చేది ఎవురు సార్? పేరు?"

అద్దాల గదిలో డైరెక్టర్ కోపం పట్టలేక రిసీవర్‌లో తన పేరు అరిచేశాడు.

"వెంకటసత్యనారాయణ, డైరెక్టర్. సరే సార్."

స్క్రీన్ మీద కమిషన్ సభ్యులు కుర్చీల్లోంచి లేచారు.

గందరగోళంలో సూర్యకిరణ్, సత్యదుర్గ కలిసి బాలసుబ్బయ్యని మెట్లమీదుగా దింపి కారెక్కించారు. ఫోన్‌లో ఏ ఆర్డరొచ్చినా ఆపరేటర్లు తిరిగి చెప్పి, పేరడిగాకే పని చేస్తారనీ, తను ముఠా కరెంటు అమ్ముతూ సబ్‌స్టేషన్లకి ఫోన్లు చేసిన రోజుల్లో ఆ పద్ధతితో విసిగిపోయేదాన్ననీ సత్యదుర్గ చెప్పింది.

ఫహాహీల్ రోడ్డెక్కాక సూర్యకిరణ్ అన్నాడు, "ఇంక మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపరు."

"స్విచ్ తీసింది నా చెయ్యే గదా సార్," అన్నాడు బాలసుబ్బయ్య.

సూర్యకిరణ్ ఫోన్ మోగింది. చీఫ్. మిషన్ సక్సెస్‌కి పూర్తి బాధ్యత తమదేనంటూ ఢిల్లీలో అప్పుడే నలుగురు ఆఫీసర్లు ముందుకొచ్చారట.