వెలిగే లైటు దానిదే

"లైట్ ఆర్పు!"

హేమశ్రీ చెయ్యి నుదుటి మీదికి పోతుంది. హెడ్‌ల్యాంప్ ఆరిపోతుంది. అడవంతా ఒక్కసారిగా చిమ్మచీకటి!

వెనక టార్చిలైట్లు. నలుగురో, ఐదుగురో... దగ్గరికొచ్చేస్తున్నారు!

ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నవాడు జయచంద్ర. తిరుపతిలో క్లైంబింగ్ క్లబ్ అతనిదే. ఐదేళ్లుగా ఏ ఆదివారం ఆమె కొండెక్కినా కింద తాడు పట్టుకునేది అతనే.

సాయంత్రం బండ చాటున ఎర్రచందనం దుంగలు కనపడ్డాయి. మోస్తున్న మనుషులూ కనపడ్డారు. చూసీ చూడనట్టు వచ్చేస్తే పోయేది. హేమశ్రీ ఊరుకుంటుందా? ఫోన్‌లో వీడియో తీసింది.

ముందు దారి లేదు. కొండ అంచు. కింద లోయ.

జయచంద్ర గబగబా తాడును చెట్టుకు చుడుతున్నాడు.

"ముందు నువ్వు దిగు. వాగు దాటితే మన జీపు ఉండాది."

"నువ్వో?"

"నీ యెనకాలే వస్తా. లైట్ ఏసుకో. కాలు యాడ పెడతాండావో సూసుకో."

"వాళ్లకి కనపడదా జయా?"

"ఈ పక్క ఎవురూ లేరులే. నా మీద నమ్మకం లేదా ఏంది?"

ఆ ఒక్క మాట చాలు ఆమెకి.

నడుం బెల్టుకు తాడు ముడేసుకుంటుంది. లైట్ వేస్తుంది. దిగుతుంది. పైన జయచంద్ర చీకట్లో నిలబడి తాడు కొంచెం కొంచెం వదులుతున్నాడు.

కాళ్లకు అరుగులాంటి రాయి తగులుతుంది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతుంది.

ఛాతీ మీద వాకీటాకీ గరగరమంటుంది. క్లబ్ సెట్లన్నిటికీ ఒకటే చానల్.

"మునస్వామన్నా... దిగతా ఉండాది. నా లైట్ ఆర్పేసినా. వెలిగే లైటు దానిదే. సూసి కాల్సు."

జయచంద్ర గొంతు! ఆమె సెట్టూ ఆన్‌లో ఉందని మర్చిపోయినట్టున్నాడు.

వెంటనే ఇంకో గొంతు. "తుపాకి రెడీగా ఉండాదప్పా. ఇంకొంచెం దించు."



అంటే... వెనక తరుముతున్నవాళ్లు కూడా వీడి మనుషులే! ఐదేళ్లు ఆ చేతుల్లో ప్రాణం పెట్టి నిశ్చింతగా వేలాడింది. నమ్మించి గొంతు కొయ్యడమంటే ఇదే. ఏడుపు తన్నుకొస్తుంది.

ఏడవడానికి టైం ఎక్కడిది!

లైట్ ఆర్పేస్తుంది.

బెల్టు కొక్కేన్ని బండ సందులోని వేరుకు తగిలిస్తుంది. తాడు ముడి విప్పబోతుంది. రాదు! ఆమె బరువుకే బిగుసుకుపోయింది.

మడతకత్తి తీస్తుంది. పళ్లతో తెరుస్తుంది. కోస్తుంది... కోస్తుంది... తెగింది!

"హేమా?"

ఆమె బండకు అతుక్కుపోతుంది.

తాడు చరచరా పైకి పోతుంది. పైన బూతుమాట వినపడుతుంది.

"తాడు కోసేస్తివా! యాడుండావే? ఫోన్ ఇచ్చేయ్, నిన్నేం సెయ్యను!"

టప్!

పైన లైట్ వెలిగింది. జయచంద్ర అంచు మీదనుంచి తల కిందికి వంచి, బండంతా వెతుకుతున్నాడు. తాడులో తేడా వస్తే చెయ్యి దానంతటదే లైట్ మీదికి పోతుంది. కొండెక్కేవాళ్లందరికీ అదే అలవాటు.

హేమశ్రీ తలెత్తి ఆ లైటు చూస్తుంది. నోరు తెరిస్తే తనెక్కడుందో కింద తుపాకితో ఉన్నవాడికి తెలిసిపోతుంది. చావనీ దరిద్రుణ్ణి, అంటుంది మనసు.

నోరు వినదు.

"జయా! లైట్ ఆర్పు! కింద నుంచి కాలుస్తాడు!"

పైనుంచి నవ్వు.

"ఆర్పితే సీకట్లో జారుకుందామనా? నీ మాట నమ్మేదానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?"

లైట్ ఫుల్ చేశాడు!

ఢాం...!

ఆ లైటు గిరగిరా తిరుగుతూ, ఆమె భుజం పక్కనుంచే లోయలోకి పోయింది.

వాకీటాకీ గరగరమంది.

"పనైపోయినాది జయచంద్రా. ఇంక దిగిరాప్పా."