ముందు కదిలినవాడు

తలుపుకు అవతల కూతురు, ఇవతల తండ్రి... మధ్యలో నలిగిపోతున్నది తల్లి లియోంతీన్! పొయ్యిమీద సూప్ పొంగుతోంది, చేతులకు పిండి, ఒంటినిండా విసుగు. రెండు నెలల పసిబిడ్డను ఎత్తుకుని ఒడిల్ వీధిగుమ్మంలోకి రావడం ఆమె కిటికీలోంచి చూసింది. అడుగుల చప్పుడు నాలుగో అంతస్తు దాకా వచ్చి ఆగింది. వచ్చిన పిల్ల తట్టదు. తలుపు దగ్గరే నిలబడ్డ తండ్రి తీయడు!

అంతా పదకొండు నెలల కిందటి మాట. నలభై రెండేళ్ల ఆన్సెల్మ్ కుర్రవాళ్ల చేతిలో వరసగా ఓడుతుంటే చూడలేక, "ఇక చాలు నాన్నా, సైకిల్ దిగు" అంది ఒడిల్, పందెం మైదానంలో నలుగురి ముందూ. ఆ రోజూ ఓడి, ఆ మాటవల్లే ఓడానన్నాడు. తప్పయిందని చెప్పేదాకా గడప తొక్కవద్దన్నాడు. ఆమెదీ ఆ రక్తమే కదా... తొక్కలేదు.

ఒకప్పుడు సైకిల్ పందేల్లో ఫ్రాన్సు మొత్తానికీ విజేత ఆయన. ఇద్దరి పందెంలో ముందు దూసుకుపోయినవాడు ఎదురుగాలినంతా తానే మోస్తాడు, వెనకున్నవాడు చివరి మలుపులో దాటేస్తాడు. అందుకే నేలమీద కాలు ఆనించకుండా, సైకిళ్లమీదే కదలక నిలబడతారు, ఎదుటివాడు కదిలేదాకా. ఒకసారి ఆన్సెల్మ్ ఇరవై అయిదు నిమిషాలు అలా నిలిచి గెలిచాడు. పారిస్ జనం విసుగెత్తి నారింజ తొక్కలు విసిరారు. ఆ విద్యను ఇంటికీ తెచ్చాడు మహానుభావుడు! ఏ పోట్లాట తరవాతైనా ముందు మాట కలిపింది లియోంతీనే.

ఇప్పుడు తానే తలుపు తీయవచ్చు. తీస్తే తండ్రీ కూతుళ్లిద్దరూ తామే గెలిచామనుకుంటారు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, తీస్తావా తీయవా?"

"దాన్నే తట్టనీ" అన్నాడు గొంతు తగ్గించి. "ముందు కదిలినవాడు ఓడతాడు."

"ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో నేనే ఓడుతున్నాను. ఒక్కసారి నువ్వు ఓడి చూడు. చచ్చిపోవులే."

బయట పసిబిడ్డ తుమ్మింది. ఆ గొంతు ఆయన విననే లేదు ఇంతవరకూ... చెయ్యి దానంతటదే గడియ మీదికి పోయింది.

ఒడిల్ కళ్లనిండా నీళ్లు. "ముందు నువ్వే కదిలావు నాన్నా."

"అవునమ్మా, ఓడిపోయాను. లోపలికి రా, మెట్లమీద చలి."

సూప్ అడుగంటింది. ఇద్దరినీ కలిపి తిడుతూనే లియోంతీన్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా నిలిచిన మనిషి, మనవరాలిని ఎత్తుకుని ఒక్క నిమిషం కూడా ఒకచోట నిలవలేకపోయాడు.