రెండక్షరాల దెయ్యం

టైపు టీచరమ్మ ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే పరిగెత్తుతారు.

ఆ ఇంటికి అంత చెడ్డపేరు రావడానికి కారణం అడిగితే మీరు నవ్వుతారు. అందులో ఎవరూ ఉరి వేసుకోలేదు. ఎవరూ ఎవర్నీ నరకలేదు. ముందుగదిలో ఆరు టైపు మిషన్లు పెట్టుకుని, వెనకగదిలో తనకోసం తనే వండుకుని, ఒకావిడ అరవై ఎనిమిదేళ్ళు బతికి నిద్రలో కన్నుమూసింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "తీరిక దొరకలేదు" అని చెప్పేదట. అంత హాయిగా బతికిన ఆడది చచ్చాక దెయ్యం కాకుండా ఎలా ఉంటుంది? వీధిలో మగవాళ్ళు కూర్చుని తేల్చేశారు.

ఆమె పోయిన ఏడాదే మిషన్లన్నీ పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. అయినా రాత్రిళ్ళు లోపల్నుంచి టక్‌టక్‌మని చప్పుడొస్తుందనీ, వరస చివర టింగ్‌మని గంట మోగుతుందనీ చెప్పుకునేవారు.

ఇదంతా మా మేనత్త చెప్పగా విన్నదే. అత్త ఆ వీధి చివర ఆరోగ్యకేంద్రంలో నర్సు. ఇరవై ఆరేళ్ళ నించీ అక్కడి పిల్లల చేతులూ తొడలూ ఆవిడకి పేరుపేరునా తెలుసు. కొంత అత్త చెప్పింది. కొంత బ్రేకింగు పెళ్ళాం చెప్పింది. బ్రేకింగు మాత్రం ఏమీ చెప్పలేదు — వాడి జీవితంలో వాడు నోరు మూసుకున్న విషయం ఇదొక్కటే.

బ్రేకింగు అంటే ఆ ఊరి టీవీ విలేకరి. కుళాయిలో నీళ్ళు రాకపోయినా "బ్రేకింగ్" అని అరుస్తాడు గనక ఆ పేరు.

ఆ ఏడాది గొంతుజ్వరం వచ్చింది. పిల్లలకే వచ్చేది. మొదటి రోజు గొంతు నొప్పి అనేవాళ్ళు. మూడో రోజుకి ఊపిరి ఆడేది కాదు. పక్క ఊళ్ళో అప్పటికే ఏడుగురు... వాళ్ళలో పెద్ద పిల్లకి తొమ్మిదేళ్ళు.

నెల తేడాతో రెండు సూదులు వేస్తే రాదన్నారు. నీలం మూత ఐసుపెట్టెలో సూదిమందు అత్త దగ్గరికి వచ్చింది. మొదటి రోజు కేంద్రం కిటకిటలాడింది. బ్రేకింగు కూడా మైకు పట్టుకుని వచ్చాడు.

ఆ రోజు పసుపు గౌను వేసుకున్న ఒక పిల్ల కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. వాళ్ళమ్మానాన్నా ఇళ్ళు కట్టే కూలీలు. ఆ సాయంత్రమే ఇంకో ఊళ్ళో పనికి మారిపోతున్నారు. సూది పడగానే మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని బయల్దేరారు.

కాసేపటికి బ్రేకింగు అడిగాడు. "ఇందాక అంతలా ఏడ్చిన పాప ఏమైంది సిస్టర్?"

అత్త తల ఎత్తలేదు. ఇంకో పిల్లాడి చేయి పట్టుకుని ఉంది. "వెళ్ళిపోయిందండీ" అంది.

అంతే జరిగింది.

రాత్రి తొమ్మిదింటికి టీవీలో పసుపు గౌను పిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. చుట్టూ నల్లగీత. వెనక ఉరుములు. "ఆ పాప ఏమైంది?" — బ్రేకింగు గొంతు. తర్వాత అత్త మొహం, చాలా దగ్గరగా, ముక్కు మీద చెమటతో సహా.

"...పోయిందండీ."

ముందున్న రెండక్షరాలు లేవు.

మర్నాడు అత్త వాణ్ణి నడిరోడ్డు మీద పట్టుకుంది. "నా 'వెళ్ళి' ఏదిరా?"

"టైము చాలలేదు సిస్టర్. కొంచెం కత్తిరించాం."

"రెండక్షరాలకి చాలలేదా? ఆ ఉరుములకి చాలిందే!"

"అది... అది మూడ్ కోసం."

ఇక వారం రోజులు టీవీలో అదే చర్చ. బల్ల చుట్టూ నలుగురు మగవాళ్ళు. ఒక నర్సు లేదు, ఒక తల్లి లేదు. కాళ్ళనొప్పుల తైలం అమ్మే ఒక స్వామి మాత్రం ఉన్నాడు. సూది పడిన చేతికి చెంచా అంటుకుంటుందని ఆయన ఒక కుర్రాడి చేతికి అంటించి చూపించాడు. చెమటపట్టిన చేయి, ఎందుకు అంటుకోదు? సూది వేస్తే ఆడపిల్లలకి గడ్డాలొస్తాయని ఇంకొకాయన కంగారుపడ్డాడు. పిల్లల ఊపిరి గురించి పడలేదు గానీ గడ్డాల గురించి పడ్డాడు. "రెండు వైపులా వినాలి కదండీ" అన్నాడు చర్చ నడిపేవాడు. రెండో వైపు కుర్చీ ఖాళీగా ఉంది.

"జనాన్ని మాత్రం ఏమనను?" అంది అత్త. "అంతకుముందు ఏడాది మందులు లేక నెలంతా ఉత్త సీసాలు చూపించి పంపేసిన కేంద్రం మాది. ఎందుకు లేవో ఎవరూ చెప్పలేదు. ఒకసారి దాచినవాళ్ళు ఇప్పుడు నిజం చెప్తున్నారని ఎలా తెలుస్తుంది?"

కేంద్రం గేటు ముందు మగవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పిల్లల్ని తెచ్చే తల్లుల్ని వెనక్కి తోలారు. అందులో ఒకడు చుట్ట కాలుస్తూ "విషం, విషం" అన్నాడట.

బ్రేకింగు ఇంట్లోనూ అదే గొడవ. వాడికి నాలుగేళ్ళ కూతురుంది.

"మన పాపకి వేయిద్దామండీ" అంది పెళ్ళాం.

"వద్దని ఊరందరికీ చెప్పి నా కూతురికి వేయిస్తే నా మొహం ఏం కావాలి?"

"మీ మొహం సంగతి కాదు, దాని గొంతు సంగతి చూడండి."

"ఇంకోసారి ఆ మాటెత్తావంటే బాగుండదు" అన్నాడు. ఆవిడ ఇంకోసారి ఎత్తలేదు.

నిజానికి ఆ పసుపు గౌను పిల్ల బతికే ఉందని ఊళ్ళో తెలిసిన మగాడు వాడొక్కడే. కానీ ఒక అబద్ధాన్ని రోజుకి నలభైసార్లు చెప్తే... వాడికే సందేహం వచ్చింది. నిజంగానే పోయిందేమో. పోకపోతే ఇన్నాళ్ళూ ఎవరూ కనబడి కాదనలేదేం?

సరిగ్గా అప్పుడే టీచరమ్మ ఇల్లు మళ్ళీ పలకడం మొదలుపెట్టింది.

రాత్రి పది దాటాక మూసిన కిటికీ సందుల్లోంచి నీలం వెలుగు. గోడవార తెల్లటి ఆకారాలు — కాళ్ళు కనబడవు, మొహాలు కనబడవు, ఒకదాని వెనక ఒకటి. ఆ తర్వాత లోపల్నుంచి పసిపిల్ల ఏడుపు. ఉండి ఉండి ఒక్కో కేక. కెవ్వుమని లేచి, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. వెనకే ఒక ఆడగొంతు, గుసగుసగా —

"పోయింది... పోయింది..."

ఇంకేముంది. పసుపు గౌను పిల్లే అన్నారు. టీచరమ్మకి పిల్లల్లేరు కదా, చేరదీసిందన్నారు. గేటు ముందు కుర్చీల వీరులు ఎనిమిదింటికల్లా ఇళ్ళకి చేరి గడియలు పెట్టుకోసాగారు.

స్టూడియో నుంచి బ్రేకింగుకి ఫోనొచ్చింది. రాత్రి ప్రత్యక్ష ప్రసారం. దెయ్యం ఇంట్లోంచి. ఫోను లైన్లో నువ్వు మాట్లాడు, మిగతాది మేము బొమ్మలు వేసుకుంటాం.

కెమెరా అతనికి ఆ సాయంత్రమే కడుపునొప్పి వచ్చింది. బ్రేకింగు ఒక్కడే బయల్దేరాడు. ఇంట్లో పెళ్ళాంతో చెప్దామని చూస్తే ఆవిడా పిల్లా ముసుగుతన్ని పడుకుని ఉన్నారు. మంచం మీద రెండు దిండ్లకి దుప్పటి కప్పితే అచ్చం అలాగే ఉంటుందన్న సంగతి వాడికి తోచలేదు. మంచం సర్దడం ఎప్పుడూ వాడి పని కాదు మరి.

వీధి నిర్మానుష్యం. కుక్క కూడా లేదు.

వాడు గేటు తోశాడు. కిర్ర్‌మంది. కిటికీ సందులో నీలం వెలుగు ఒకసారి కదిలి — ఆగింది.

చెవి తలుపుకి ఆనించాడు.

నిశ్శబ్దం. ఊపిరి చప్పుళ్ళు. ఒకటి కాదు. పది... ఇరవై...

అప్పుడు — కెవ్వున ఒక్క ఏడుపు.

ఆగిపోయింది.

"పోయింది... పోయింది..."

వాడికి ఆ గొంతు తెలుసు. రోజుకి నలభైసార్లు టీవీలో వేసిన గొంతు. అదే మాట. కత్తిరించిన చోటు నించే మొదలవుతోంది... తను కోసి పారేసిన ముక్క చీకట్లో కూర్చుని తనంతట తనే మాట్లాడుతున్నట్టుంది.

పారిపోదామని తిరగబోయి గడప తట్టుకున్నాడు. తలుపు మీద పడ్డాడు. తలుపు తెరుచుకుంది. చేతిలో టార్చి వెలుగు గోడ మీదా, కప్పు మీదా, నేల మీదా తిరిగి తిరిగి — ఒకచోట ఆగింది.

పసుపు గౌను.

నల్లగీత లేదు. అదే పిల్ల. కళ్ళు పెద్దవి చేసి వాణ్ణే చూస్తోంది. నెమ్మదిగా చేయెత్తింది... వేలు చూపించింది...

"అమ్మా, నన్ను టీవీలో చంపినాయన."

బ్రేకింగు కూర్చున్నాడో పడ్డాడో అత్తకి సరిగ్గా గుర్తులేదు. ప్యాంటు సంగతి గుర్తుంది గానీ, అది రాయొద్దంది.

"టార్చి దించు నాయనా, పిల్లల కళ్ళలో కొడుతోంది" అంది అత్త.

అప్పుడు కనబడ్డారు. గోడవార బారుగా ఆడవాళ్ళు. ఎవరింటి మనిషో తెలియకుండా తలమీంచి కాళ్ళదాకా తెల్ల దుప్పట్లు కప్పుకున్నారు. ఒళ్ళలో పిల్లలు. మధ్యలో ఐసుపెట్టె, మూత తీస్తే చల్లటి పొగ. ఫోను దీపానికి నీలం గుడ్డ చుట్టి ఉంది. టీచరమ్మకి రక్తపోటు చూడ్డానికి వచ్చే రోజుల్లోనే అత్త దగ్గర ఒక తాళంచెవి ఉండిపోయింది. పసుపు గౌను పిల్లకి రెండో సూది రోజని ఫోను చేస్తే, వాళ్ళమ్మ రెండు బస్సులు మారి తీసుకొచ్చింది.

"నువ్వు... నువ్వు పోయింది అన్నావు" అన్నాడు బ్రేకింగు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నొప్పి పోయింది అన్నాను. ముందు మాట నీకెప్పుడూ వినబడదు కదా."

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకుని నవ్వారు. ఆ నవ్వులో ఒకటి వాడికి తెలిసిన నవ్వు. టార్చి అటు తిప్పాడు.

పెళ్ళాం. ఒళ్ళో కూతురు. పిల్ల చొక్కాచేయి భుజందాకా మడిచి ఉంది. అత్త చేతిలో సూది సిద్ధంగా ఉంది.

"నాన్నా!" అంది పిల్ల, రహస్యంగా. "మనం ఇక్కడికొచ్చామని నాన్నకి చెప్పొద్దంది అమ్మ."

వాడు నోరు తెరిచేలోపు జేబులో ఫోను మోగింది. స్టూడియో. తొమ్మిది నించీ ఊరంతా టీవీల ముందు కూర్చుంది.

ఎవరూ కదల్లేదు. పిల్లలు కూడా. వాడు ఒక్క మాటంటే చాలు — రేపట్నుంచి ఈ తలుపు ముందు కూడా కుర్చీలు పడతాయి. రెండో సూది ఎవరికీ ఉండదు.

పెళ్ళాం గొంతు చాలా మెల్లగా వచ్చింది. ఏమండీ లేదు, ఏమీ లేదు.

"ఇప్పుడు చెప్పు. ఆపమంటావా?"

ఫోను మోగుతోంది. వాడు కూతురి మెడ వైపు చూశాడు. సన్నటి మెడ. అరచేతిలో ఇమిడిపోతుంది.

ఫోను ఎత్తాడు.

"చెప్పండి! దెయ్యం ఉందా? లేదా?"

"ఉంది" అన్నాడు బ్రేకింగు.

ఆ మాట అంటూనే ఇటు తిరిగి అత్తకి తల ఊపాడు. సూది దిగింది. నాలుగేళ్ళ పిల్ల కెవ్వున వేసిన కేక ఫోనులోంచి స్టూడియోకి, స్టూడియోలోంచి ఊరంతటికీ వినబడింది. వెనకే, "పోయింది... పోయింది..."

వాడి గొంతు నిజంగానే వణుకుతోంది. ఆ వణుకు నటన అయితే అంత పేరు వచ్చేది కాదు. ఆ ఛానెల్లో అన్నిటికంటే ఎక్కువమంది చూసిన కార్యక్రమం అదేనట.

"ఎలాంటి దెయ్యం?" అని అడిగారు స్టూడియోవాళ్ళు.

"ఆడది" అన్నాడు. గోడవార ఒకసారి చూసి సవరించుకున్నాడు. "ఒకటి కాదు. చాలా ఉన్నాయి. మగవాళ్ళెవరూ ఇటు రాకండి."

ఆ తర్వాత నెల రోజులు ఆ వీధిలో ఒక్క మగాడు రాత్రిపూట బయటికి రాలేదు. ఆడవాళ్ళు పది గంటలకి చేతులూపుకుంటూ, గట్టిగా నవ్వుకుంటూ నడిచారు. కొందరు పిల్లలు లేకపోయినా ఊరికే వచ్చేవారట, నడవడానికి. ఆఖరి పిల్లకి రెండో సూది పడేదాకా అలా సాగింది. ఆ వీధిలో ఏ గొంతూ మూసుకుపోలేదు.

ఆ రెండక్షరాలు టీవీలో తిరిగి చెప్పేదాకా బ్రేకింగుతో పెళ్ళాం మాట్లాడనంది. ఇరవై మూడో రోజున ఛానెల్ వాళ్ళు ఒప్పుకున్నారు. తెల్లవారుజామున ఐదింటికి, జుట్టునూనె ప్రకటన కింద సన్నగీతలో చీమంత అక్షరాలు పరుగెత్తాయి — "పాప వెళ్ళిపోయింది అని చదువుకోగలరు." ఎనిమిది సెకన్లు. అత్త అలారం పెట్టుకుని లేచి చూసింది.

"అంతేనా అత్తా?" అన్నాను.

అత్త సంచీ మూతి బిగించింది.

"ఆఖరి రోజు... అందర్నీ పంపేసి, పెట్టె బయట పెట్టి తాళం వేస్తున్నాను. లోపల ఎవరూ లేరు. నేనే చూశాను. అప్పుడు లోపల్నుంచి..."

"ఊఁ?"

"టక్. టక్ టక్ టక్... టింగ్."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ఇన్నాళ్ళు ఇల్లిచ్చిన మనిషి. 'వెళ్ళొస్తానమ్మా' అన్నాను." అత్త సంచీ భుజాన వేసుకుంది. "పోతానని మాత్రం అనలేదు."