ఊరికే వచ్చినవాడు

"ఐ డ్రాప్డ్ ఇన్ ఆన్ మై ఫ్రెండ్" అన్నాడు వరహాలరావు మళ్ళీ. చెవి వెనక పట్టీ మీద ఎర్ర దీపం వెలిగింది.

వాక్యంలో తప్పు లేదు. పలకడమూ బాగానే పలికాడు. ఎదురుగా కూర్చున్న డాక్టర్ ఉమాకాంతం స్క్రీన్ వంక చూసి పెదవి విరిచాడు.

ఆ పట్టీని తయారుచేసింది ఆయనే. పేరు లెక్సాన్. అదెలా పనిచేస్తుందో చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. బట్టీ పట్టిన మాటను పలికితే మెదడులో ఒక్క మూలే మేలుకుంటుంది. అనుభవించి నేర్చుకున్న మాటైతే జ్ఞాపకం, భయం, సంతోషం, కాళ్ళూ చేతులూ ఆడించే భాగాలు అన్నీ కలిసి మేలుకుంటాయి. పట్టీలోని సెన్సర్లు దాన్ని పసిగట్టి ఆకుపచ్చ దీపం వెలిగిస్తాయి. ఎర్రబడిన మాటకు తగిన అనుభవం తర్వాత ఎప్పుడు ఎదురైనా, మాట పలక్కపోయినా సరే, దీపం పచ్చబడుతుంది. బట్టీ చదువులతో విసిగిపోయిన కంపెనీలు సర్టిఫికెట్లు పక్కన పడేసి ఈ దీపాన్నే నమ్మడం మొదలుపెట్టాయి.

వరహాలరావు విశాఖలో క్రేన్ నడిపేవాడు. క్రేన్లు తమంతట తామే నడవడం మొదలయ్యాక ఇంట్లో కూర్చున్నాడు. భార్య అంతకుముందే పోయింది. ఇప్పుడు నడిసముద్రంలో గాలిమరల ప్లాట్‌ఫాం మీద ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. రకరకాల దేశాలవాళ్ళు ఉండే చోటు కాబట్టి రోజువారీ ఇంగ్లీషు రావాలన్నారు. జీతం ఎంతో అతను అడగనే లేదు. అక్కడ అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తారని విన్నాడు, అంతే, దరఖాస్తు పెట్టేశాడు. ఒంటరిగా తినీ తినీ అతనికి అన్నం మీద విరక్తి పుట్టింది.

కంపెనీ ఇచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. క్రేన్ కేబిన్‌కు తాళం పడ్డ రోజు గుర్తుకు రాగానే 'గివ్ అప్' వెలిగింది. 'రన్ అవుట్ ఆఫ్'కి గ్యాస్ బండ సాయం చేసింది. 'డ్రాప్ ఇన్' ఒక్కటే మొండికేసింది. ముందుగా చెప్పకుండా, పనేమీ లేకుండా, దారిలో పోతూ ఒకరింటికి వెళ్ళి కాసేపు కూర్చోవడం అని దానికి అర్థం. చిన్నప్పటి జ్ఞాపకాలు ఉన్నాయి గానీ, అవి బాగా పలచబడిపోయి పట్టీకి ఆనలేదు.

ఎవరింటికైనా ఊరికే వెళ్ళి ఎన్నాళ్ళయిందని అడిగాడు ఉమాకాంతం.

"మాయావిడ ఉన్నప్పుడండి. అదీ, తను ముందెల్తే నాను ఎనకాల ఎల్లీవోణ్ని."

ఆ నగరంలో ఊరికే వెళ్ళడం అంత తేలిక కాదు మరి. ప్రతి టవర్‌కూ ఒక గేటు, గేటుకో స్క్రీను. ఎవరింటికి, ఎంతసేపు, ఏ కారణం మీద అని అడుగుతుంది. కారణాల కింద డెలివరీ, రిపేర్, వైద్యం, శుభకార్యం ఉంటాయి. 'ఊరికే' అన్నది ఉండదు. దొంగతనాలు తగ్గాయని అందరూ సంబరపడ్డారు. దొంగలతోపాటు చుట్టాలూ తగ్గారని ఎవరూ పట్టించుకోలేదు.

వరహాలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డజను అరటిపళ్ళు కొనుక్కుని, ఒకప్పుడు తనతో పనిచేసిన గవరయ్య ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గర 'శుభకార్యం' నొక్కాడు. గవరయ్య తలుపు తీసి, ఏదో చెడ్డ కబురే తెచ్చాడనుకుని కంగారుపడ్డాడు. దీపం ఎర్రగానే ఉంది.

పళ్ళు కొన్నప్పుడే అది ఊరికే వెళ్ళడం కాకుండా పోయిందని వివరించాడు ఉమాకాంతం. పళ్ళ వెనక ఒక ఆలోచన ఉంది, దాన్ని పట్టీ కనిపెట్టింది.

"చేతులూపుకుంటా ఎలాగెల్తామండి ఒకలింటికి?" అన్నాడు వరహాలరావు. నిజంగానే నొచ్చుకున్నాడు.

రెండోసారి ఉత్త చేతులతో, 'రిపేర్' నొక్కి వెళ్ళాడు. గవరయ్య పాడైన గీజర్‌ను సంతోషంగా చూపించాడు. కాదనలేక దాన్ని బాగుచేసి వచ్చాడు. మళ్ళీ ఎర్ర దీపమే. నేర్చుకోవడానికి వెళ్ళినంతకాలం అది పని మీద వెళ్ళడమే. యంత్రం చేసినవాడికి కూడా ఈ మెలిక అప్పటిదాకా తట్టలేదు. కంపెనీ పెట్టిన గడువు దగ్గరపడింది. వరహాలరావు ఉద్యోగం మీద ఆశ వదులుకున్నాడు, పట్టీ మాత్రం చెవి వెనకే ఉండిపోయింది.

గడువుకు ముందురోజు సాయంత్రం వాన పట్టుకుంది. బీచ్ రోడ్డు మీద నడుస్తున్న వరహాలరావు ఒక టవర్ ముందు ఆగాడు. కరెంటు పోయి దాని గేటు బార్లా తెరిచి ఉంది. ఇదివరకొకసారి పట్టీ మార్చుకోవడానికి అక్కడికి వచ్చి ఉన్నాడు. డాక్టరు గారు ఉండేది ఇక్కడే కదా అనుకున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోలేదు. మెట్లెక్కి తలుపు కొట్టాడు.

ఉమాకాంతం కొవ్వొత్తి వెలుగులో నిలబడి బ్రెడ్డు తింటున్నాడు. ఆ ఇంట్లో బల్లా కుర్చీలూ ఉన్నాయి, కూర్చుని తినే అలవాటే పోయింది. తలుపు తీసి, "అయ్యో, తడిసిపోయారే, రండి" అన్నాడు. ఎందుకొచ్చారని అడగడం మర్చిపోయాడు.

"ఏటీ లేదండి. ఇలాగెల్తన్నాను."

ఉమాకాంతం టీ పెట్టాడు. క్రేన్ పైనుంచి చూస్తే ఓడలు ఎలా కనిపిస్తాయో వరహాలరావు చెప్పాడు. వాళ్ళమ్మ వండే మెంతికూర పప్పు గురించి ఉమాకాంతం చెప్పాడు. పట్టీ ఊసే రాలేదు. ఖాళీ కప్పు తీసుకోవడానికి వంగినప్పుడు, అతని చెవి వెనక ఆకుపచ్చ దీపం కనిపించింది ఉమాకాంతానికి.

చెప్పకూడదనిపించింది. చెబితే ఈ మనిషి సముద్రం మీదికి వెళ్ళిపోతాడు. చెప్పకపోతే ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఇలాగే వస్తాడు. ఆ ఇంట్లో రెండు కప్పులు ఒకేసారి వాడి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. వంటింట్లోకి వెళ్ళి వాటిని కడిగాడు, తుడిచాడు, బోర్లించాడు. ఇక చేయడానికి పనేమీ మిగలక బయటికి వచ్చాడు.

"వరహాలరావు గారూ, మీ దీపం వెలిగింది."

అతను చెవి తడుముకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మం దాటుతూ "ఎల్లొస్తానండి" అన్నాడు. మనవాళ్ళు ఎంత దూరం వెళ్తున్నా అదే మాట అంటారు.

అతను సముద్రం మీది ఉద్యోగానికి వెళ్ళిపోయాక ఒక సాయంత్రం ఉమాకాంతం అలాంటి పట్టీనే ఒకటి తన చెవికి తగిలించుకున్నాడు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు చదువే కాబట్టి తనను తాను పరీక్షించుకునే అవసరం ఎన్నడూ రాలేదు. "ఐ డ్రాప్డ్ ఇన్ ఆన్ మై ఫ్రెండ్" అన్నాడు. ఎర్ర దీపం వెలిగింది.

ఎవరింటికి వెళ్ళాలా అని ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఒక్క పేరే తట్టింది. ఆ మనిషి నడిసముద్రంలో ఉన్నాడు. అక్కడికి పడవ ఎక్కాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, కారణం చెప్పాలి.

రేవు గేటు దగ్గర స్క్రీన్ ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు. చివరికి 'రిపేర్' నొక్కాడు. చేతిలో డజను అరటిపళ్ళున్నాయి.