లెక్కకు ఒకటి ఎక్కువ

నా దగ్గర ఉన్నది ఇరవై రెండు వేలు. అద్దెకు పన్నెండు, ప్రింటరుకు ఏడు పోగా మూడు మిగిలాయి. ఆ వీధిలో ఇంత చవగ్గా ఇంకో గది లేదు. రెండేళ్లలో ముగ్గురు ఖాళీ చేసి వెళ్లారట.

"ఎందుకు తాతా?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"ఆ గదిలో ఎప్పుడూ లెక్కకు ఒకరు ఎక్కువుంటారు బాబూ..." గొంతు తగ్గించాడు.

"అయితే అద్దెలో వాటా అడుగుతాలే."

తాత తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

తెల్లవారి ఆరింటికి నలభై పార్సిళ్లు వస్తాయి. అడ్రసు చీటీలు ముద్రించి, అంటించి పంపకపోతే బట్టల వ్యాపారి ఇంకొకణ్ణి చూసుకుంటాడు. రాత్రి పదకొండుకి, పాత అద్దెదారు బల్ల కింద బిగించి వదిలేసిన చిన్న కంప్యూటర్ ఆన్ చేశాను. అరచేయంత ఉంటుంది.

తెర మీద ఒకటే ముక్క — "అమర్చని పరికరాలు: 1."

అక్కడితో ఆగిపోయింది.

ప్రింటర్ పీకి మళ్లీ ఆన్ చేశాను — 1. మౌస్ పీకాను — 1. చివరికి కీబోర్డు కూడా పీకాను...

1.

బల్ల వెనక తడిమితే దొరికింది — గోడ రంగు పూసేసిన సన్నటి తీగ. కంప్యూటర్ నుంచి దిగి చాప కిందికి పోయింది. చాప ఎత్తితే, నేలకు సమానంగా ఇనప పలక. తూకం యంత్రం! ఇదివరకు ఇదీ పార్సిల్ కొట్టేనన్నమాట.

"ఓస్, నువ్వా ఆ ఎక్కువ శాల్తీవి!" అన్నాను పైకే.

అన్నీ మళ్లీ తగిలించి, దాన్నీ అమర్చాను. కంప్యూటర్ చక్కగా తెరుచుకుంది. తూకం సరిగ్గా ఉందో లేదో చూద్దామని పలకెక్కాను.

112.

నా బరువు 58 కిలోలు.

భయం వేయలేదు. తీసివేత వేశాను, అంతే. 54.

దిగాను. తెర మీద 54 అలాగే ఉంది.

పాత తూకమేదో లోపల ఉండిపోయి ఉంటుంది... సున్నా చేస్తే సరి. బల్ల దగ్గర నిలబడి మీట మీద వేలు పెట్టాను. ఇంకా నొక్కలేదు.

54... 31... 9... 0.

ఒక కాలు తీసి, తర్వాత రెండోది తీసినట్టు.

దిగింది ఎటు వెళ్లిందో చూడలేదు. ఆరింటికి నలభై పార్సిళ్లు. నిలబడి ఎంతసేపు చేస్తాను... కూర్చోవాలి.

వెనక్కి తిరక్కుండానే, గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ కోసం చెయ్యి చాపాను.